అంతేలెండి

ఎన్నికలు దగ్గరపడుతున్నాయని కంపెనీ తన ఎర్ర జాకెట్లు వెనక్కి తీసుకుని అందరికీ బూడిదరంగువి పంచింది. ఎరుపు ఒక పార్టీది, నీలం ఇంకో పార్టీది. ఆకుపచ్చ వేసుకుందామంటే దానికీ ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఎవరూ మాదనని రంగు అదొక్కటే మిగిలింది.

"ఇళ్లకెళ్లి మంచినీళ్ల మిషన్లు శుభ్రం చేసేవాళ్లం మనం. ఓట్లడిగేవాళ్లం కాదు," అన్నాడు బాంగ్ మేనేజరు, పొద్దున్నే అందరినీ నిలబెట్టి. "కస్టమరు ఏమన్నా సరే, మనకి అభిప్రాయం లేదు. ఫిల్టరు మార్చాక ఫొటో తీస్తారు కదా, అందులో వేళ్లు కనిపించకూడదు. ఒక వేలు కనిపిస్తే ఒకటో నంబరు పార్టీకి ఓటెయ్యమన్నారంటారు. రెండు కనిపిస్తే రెండో నంబరంటారు."

"పిడికిలి పెట్టొచ్చాండీ?" అని అడిగింది వెనక వరసలోంచి యోంగే.

"పిడికిలి అసలే వద్దు."

అందరూ నవ్వారు. మిరాన్ నవ్వలేదు. యోంగే అంత తేలిగ్గా ఎలా మాట్లాడగలుగుతోందో ఆమెకి అర్థం కాలేదు. పోయిన నెలలోనే యోంగే చేతిలోని అపార్ట్‌మెంటు బ్లాకు ఊడిపోయింది. ఒకాయన ప్రభుత్వాన్ని తిడుతుంటే ఆమె మాట్లాడకుండా ఫిల్టరు బిగించుకుంటూ కూచుంది. 'మొహం అదోలా పెట్టింది' అని ఆయన ఫోను చేసి చెప్పాడు. అంతే. అప్పట్నించి ఎవరు సెలవు పెడితే వాళ్ల ఇళ్లకి యోంగేని తరుముతున్నారు. మాట్లాడినందుకు పోయిన వాళ్లని మిరాన్ చూసింది గానీ, మాట్లాడనందుకు పోవడం అదే మొదలు.

అందుకే మిరాన్ మధ్యదారి పట్టింది. ఎవరేమన్నా "అంతేలెండి" అంటుంది. ప్రభుత్వం మీద విసుగైతే నిట్టూర్పుతో కలిపి సాగదీస్తుంది. ఈకాలం పిల్లల మీదైతే ముందు నాలుక చప్పరిస్తుంది. ఫోన్ల మీదా మిషన్ల మీదా అయితే చిన్న నవ్వు చేరుస్తుంది. స్క్రూడ్రైవరు ఎలా తిప్పాలో చేతికి ఎలా తెలుసో, దీన్ని ఎలా తిప్పాలో ఆమె నోటికి అలా తెలుసు. అన్నవాళ్లకి తృప్తి, విన్నవాళ్లకి తృప్తి. అందులో ఆమె మాటంటూ ఏమీ లేదు కాబట్టి ఎవరికీ నష్టం లేదనుకుంది.

ఈ ఏడాది ఆమె మీద ఇప్పటికే ఒక ఫిర్యాదు ఉంది. ఒక ఇంట్లో చెక్క నేల మీద నీళ్లు కారాయన్నారు. ఇంకొకటి పడితే హన్బిత్ అపార్ట్‌మెంట్లలోని నూట ఏడో బ్లాకు ఆమె చేతిలోంచి పోతుంది. ఆ బ్లాకు పోతే ఇల్లు గడవదు. ఉన్న ఇళ్లన్నీ ఒకే కప్పు కింద, లిఫ్టు దిగితే చాలు. సామాన్ల పెట్టె మోసీ మోసీ అరిగిన మోకాలితో ఊరంతా తిరగడం ఇక ఆమె వల్ల కాదు.

సోమవారం మధ్యాహ్నం పదిహేనో అంతస్తులో ప్యో పెద్దాయన ఇంట్లో పని. ఒకప్పుడు ఊళ్లో బస్సు నడిపేవాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు, మాట మాత్రం ఇంకా వెనక సీటుదాకా వినపడుతుంది. మిరాన్ గుమ్మంలో బూట్లు విప్పి, సంచిలోంచి ఉతికిన మేజోళ్లు తీసి పాతవాటి మీద తొడుక్కుని లోపలికి వెళ్లింది. నీళ్ల కుళాయి కట్టేసి, మిషను ముందు తలుపు ఊడదీసి, పాత ఫిల్టరు తిప్పి లాగింది. అది తేయాకు రంగులోకి మారిపోయింది. ఆమె దాన్ని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, నీళ్లొచ్చే గొట్టం నోట్లో సన్నటి బ్రష్షు పెట్టి తిప్పసాగింది.

"నిన్న నూడిల్స్ కొట్టుకెళ్లానమ్మా మిరాన్," అన్నాడు పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని. "లోపల మనిషి లేడు. వాకిట్లో తెర ఒకటి పెట్టారు, దాన్ని గిల్లి అన్నం పెట్టమని అడుక్కోవాలి. నేను గిల్లుతుంటే నా వెనక ఒక కుర్రాడు నిలబడి ఉస్సూరుమంటాడు. తినకుండా వచ్చేశా."

"అంతేలెండి బాబాయిగారూ," అంది మిరాన్, నవ్వు చేర్చి.

"పిల్లల్ని కనరు. కుక్కని చంటిపిల్లల బండిలో కూచోబెట్టి తోసుకెళ్తారు. మొన్న లిఫ్టులో తొంగి చూశా, మనవడేమో అని. నా మొహం మీద మొరిగింది."

"అంతేలెండి," నాలుక చప్పరించి.

"వీళ్లంతా ఆ నీలం పార్టీకి వేస్తారు. ఇక దేశం ఏమవుతుంది?"

ఆమె నిట్టూర్చి సాగదీసింది. కొత్త ఫిల్టరు కటుక్కున బిగిసింది. కుళాయి తిప్పి, మొదటొచ్చిన నీళ్లు పారబోసి, తరవాతి గ్లాసు రెండు చేతులతో పట్టి ఆయనకి అందించింది. ఆయన తాగి తలాడించాడు.

అక్కడితో వెళ్లిపోతే ఏ గొడవా లేకపోయేది. కానీ ఆ ఊళ్లో వీడ్కోలు ఇంట్లో అవదు, గుమ్మంలో అవుతుంది. ఆమె ఒంటికాలి మీద నిలబడి బూటు తొడుక్కుంటుంటే, పెద్దాయన తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. ఎదురింటి తలుపు పక్కన కొత్తగా పెట్టిన కెమెరా ఉన్న కాలింగ్‌బెల్లు చిన్న నీలి దీపంతో వాళ్లిద్దరి వైపూ చూస్తోంది.

"చూశావా దాన్ని? నా తలుపు తీస్తే చాలు, నా వంటగదిదాకా దానికి కనిపిస్తుంది. రాత్రి నిక్కరుతో చెత్త పారేయడానికి వెళ్లాలన్నా సిగ్గే. ఏదో ఒకరోజు సుత్తి పట్టుకొచ్చి ఒక్కటిస్తా."

"అంతేలెండి," అంది మిరాన్. బూటు మడమ ఎక్కక ఇబ్బందిపడుతోంది, మాటలో నవ్వు దానంతటదే కలిసింది.

మంగళవారం పొద్దున ఎవరి ఇంట్లోనో గొట్టం తుడుస్తుండగా ఆమె ఫోను మోగింది. ఎదురింటి అమ్మాయి దాయిన్ పంపిన సందేశం. 'పిన్నీ, నిన్న మా వాకిట్లో మీరు మాట్లాడింది విన్నాను. గురువారం మా ఇంటికి వస్తారుగా, అప్పుడు మాట్లాడుకుందాం.' కింద ఒక వీడియో ఉంది.

మిరాన్ బాత్రూము అడిగి వెళ్లి, తలుపేసుకుని చూసింది. కెమెరా కన్ను గుండ్రంగా ఉండడంతో ఆమె తల పెద్దదిగా, కాళ్లు పొట్టిగా కనిపించాయి. ఒంటికాలి మీద కొంగలా ఊగుతోంది. పెద్దాయన సుత్తి అంటున్నాడు. ఆమె నవ్వుతోంది. తన నవ్వు అంత వెకిలిగా ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

పోయినసారి దాయిన్ ఇంట్లో పని చేసినప్పుడు ఆ అమ్మాయి అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. 'మా ఆయన వారంలో సగం రోజులు ఊళ్లో ఉండడు పిన్నీ. ఎవరెవరో వచ్చి గంట కొడతారు. కెమెరా ఉంటే తప్పా?' 'అంతేలెండి మేడమ్.' 'ఎదురింటాయన మా కుక్కని తిడతాడు. ఈ ముసలాళ్లంతా ఓటేసి పోతారు, బతకాల్సింది మేము.' 'అంతేలెండి.' అప్పుడు కూడా నవ్విందా? నవ్వే ఉంటుంది.

ఇక ఆ రోజు పని సాగలేదు. ఒక ఇంట్లో కుళాయి కట్టకుండానే ఫిల్టరు లాగబోయింది, నీళ్లు మోచేతిదాకా చిమ్మాయి. మోకాళ్ల మీద కూచుని నేలంతా తుడిచి, ఎండిందో లేదో అని అరచేత్తో రాసి చూసింది. ఫోను టింగుమన్నప్పుడల్లా పని ఆపి తీసి చూసింది. ఆ వీడియో కంపెనీకి పంపడానికి దాయిన్‌కి ఒక్క వేలు చాలు. సుత్తితో కొడతానన్న మనిషిని చూసి నవ్వింది కంపెనీ మనిషి. మేనేజరు ఏమంటాడో ఆమెకి మాటతో సహా తెలుసు.

బుధవారం ఇంకో ఫోను వచ్చింది. ఈసారి పెద్దాయన.

"శుక్రవారం సాయంత్రం మా అపార్ట్‌మెంటు ఆఫీసులో మీటింగమ్మా. ఆ కెమెరా సంగతి తేల్చేస్తారు. ఇళ్లన్నీ తిరిగే మిరాన్ కూడా నా మాటే రైటంది అని ముసలాళ్లం కూచునే గదిలో అందరికీ చెప్పేశా. నువ్వొచ్చి ఆ ఒక్క ముక్కా అనేసి వెళ్లు."

"నేను బయటిదాన్ని బాబాయిగారూ..."

"బయటిదానివి కాబట్టే! నీకేం లాభం, అబద్ధమాడ్డానికి?"

ఫోను పెట్టేశాక మిరాన్ అపార్ట్‌మెంట్ల వెనక బెంచీ మీద కూచుంది. తెచ్చుకున్న కిమ్‌బాప్ అన్నపు చుట్టల పొట్లం విప్పింది గానీ తినబుద్ధి కాలేదు. వెళ్తే దాయిన్ ఫిర్యాదు చేస్తుంది. వెళ్లకపోతే పెద్దాయన చేస్తాడు. దాయిన్ కాళ్లు పట్టుకోవాలా? పెద్దాయనకి జ్వరమని చెప్పాలా? క్షమాపణ మాటలు పైకే అనుకుని చూసింది. ఒకటి మరీ ఏడుపుగా ఉంది, ఒకటి మరీ కంపెనీ ఫోనులో వినిపించే గొంతులా ఉంది.

అప్పుడు ఉన్నట్టుండి ఇంకో ప్రశ్న వచ్చింది. అసలు ఆ కెమెరా గురించి నేనేమనుకుంటున్నాను?

జవాబు రాలేదు. ఆమె ఖంగు తింది. ఇంతమంది అభిప్రాయాలు తన చెవుల్లోంచి పోయాయి, తనదంటూ ఒకటి అడుగున మిగిలి ఉండాలి కదా. ఎవరికి ఓటేస్తుందో ఆమెకి తెలుసు, అది వేరు. కిమ్‌బాప్ ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నములుతూ ఆలోచించింది. ఒంటరిగా ఉన్న ఆడపిల్ల తలుపు చప్పుడుకి ఎలా ఉలిక్కిపడుతుందో ఆమెకి తెలుసు. తలుపు తీయగానే ఎవరో చూస్తున్నట్టుంటే ఎలా ఉంటుందో నిన్నట్నించి అదీ తెలుసు. పొట్లం ఖాళీ అయ్యేసరికి అభిప్రాయం ఒకటి తయారైంది. గొప్పదేమీ కాదు, కానీ తనది. రేపు వాళ్లడిగితే ఇదే చెప్పాలనుకుంది.

గురువారం లిఫ్టు పదిహేనో అంతస్తులో తెరుచుకునేసరికి ఆమె ఆ మాటలే మనసులో అనుకుంటోంది. తలుపు పూర్తిగా తెరుచుకోకముందే నవ్వులు వినిపించాయి.

రెండిళ్ల తలుపులూ బార్లా తీసి ఉన్నాయి. మధ్యలో స్టూలు. దాని మీద దాయిన్ ఎక్కి కెమెరా పక్కకి తిప్పుతోంది. పెద్దాయన స్టూలు కాళ్లు పట్టుకుని "ఇంకాస్త, ఇంకాస్త, ఆఁ, ఇప్పుడు నా వంటగది బతికింది" అంటున్నాడు. గుమ్మంలో పళ్లెం నిండా కోసిన పసుపు కర్బూజా ముక్కలు. కుక్క ఆయన కాలి బొటనవేలు నాకుతోంది.

"అదిగో, వచ్చింది మన మిరాన్!" అన్నాడు పెద్దాయన.

దాయిన్ స్టూలు దిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సారీ పిన్నీ, నవ్వాగట్లేదు. నిన్న సాయంత్రం ఆ వీడియో చూపించి దులిపేద్దామని తాతగారి తలుపు కొట్టానా... ఆయన చూసి, నా గొంతు ఇంత ముసలిదైందా అని బెంగపడ్డారు. తరవాత మీరు నవ్వేది విని, ఈవిడ నేనేమన్నా ఇలాగే అంటుంది అన్నారు. నాతో కూడా ఇలాగే అంటారన్నాను."

"ఒక్కొక్కటీ సరిచూసుకున్నాం," అన్నాడు పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ. "కెమెరా మంచిదే అన్నావట. నాతో చెడ్డదన్నావు. ముసలాళ్లం ఓట్లేసి పాడుచేస్తున్నామన్నావట! నాతో కుర్రాళ్లు పాడుచేస్తున్నారన్నావు. ఈ కుక్క సంగతి కూడా! నవ్వి నవ్వి నా డొక్కలు నొప్పెట్టాయి. ఇన్నాళ్లూ ఈ పిల్లతో ఒక్క మాటన్నా మాట్లాడానా? నీ పుణ్యమే."

మిరాన్ ఒళ్లు తేలికైంది. ఫిర్యాదు లేదు. మీటింగు లేదు. బ్లాకు పోదు. ఆమె కూడా నవ్వింది, నవ్వాలి కాబట్టి.

"పిన్నీ, ఒక్క సాయం," అంది దాయిన్ ఫోను తీసి ఆమె మొహం ముందు పెడుతూ. "తాతగారు ఎర్ర పార్టీ మంచిదంటారు, నేను నీలం పార్టీ అంటాను. ఇద్దరికీ మీ స్టైల్లో ఒకసారి అనండి. మా బ్లాకు గ్రూపులో పెడతాను. అందరికీ తెలుసు మీరు, పడి పడి నవ్వుతారు."

"అనమ్మా, అను," అన్నాడు పెద్దాయన. కర్బూజా ముక్క ఒకటి చేతికి కూడా ఇచ్చాడు.

ఒక్క మాట. రోజుకి ఎన్నిసార్లంటుందో లెక్కలేదు. అంటే అయిపోతుంది, అందరూ నవ్వుతారు, బ్లాకు ఆమెదే. నోరు తెరిచింది. ఫోను కన్ను ఆమెనే చూస్తోంది. నిన్న బెంచీ మీద కూచుని ఒంటరిగా కూడదీసుకున్నది గుర్తొచ్చింది. ఇప్పుడు దాన్ని ఎవరూ అడగడం లేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో ముందు తెలియలేదు.

"ఫోను దించండి మేడమ్," అంది.

దాయిన్ దించింది, ఇంకా నవ్వుతూనే.

"కెమెరా పెట్టుకోవడం తప్పు కాదు. ఇంకొకళ్ల ఇంట్లోకి పెట్టడం తప్పు. అది మీకు మొదటి రోజే తెలుసు, ఇవాళ స్టూలెక్కి తిప్పారు కదా. బాబాయిగారూ, ఆడపిల్ల ఒక్కత్తీ ఉండే వాకిట్లో సుత్తి మాటేమిటండీ? అది సరదాగా అన్న మాట కాదు, నేను పక్కనే ఉన్నాను." అక్కడితో ఆపలేదు. "నా మొహం, నా గొంతు మీ ఫోనులో దాచిపెట్టుకునే ముందు నన్ను అడగాలి. మీరిద్దరూ ఎప్పుడన్నా నన్నేదన్నా అడిగారా? ఔననమన్నారు. నేను ఔనన్నాను. అందులో నవ్వాల్సిందేముంది?"

కుక్క నాకడం ఆపింది. దాయిన్ మొహం చెవులదాకా ఎర్రబడింది. పెద్దాయన పళ్లెం తీసి లోపల పెట్టేశాడు.

"సరదాకి అన్నాంలే. ఇంత మాటా?" అన్నాడు లోపల్నించే.

మిరాన్ కర్బూజా ముక్క జేబురుమాల్లో చుట్టి పెట్టెలో పెట్టింది. బూట్లు విప్పి, మేజోళ్లు తొడుక్కుని దాయిన్ వంటగదిలోకి వెళ్లి కూచుంది. కుళాయి కట్టింది. ఫిల్టరు లాగింది. దాయిన్ సోఫాలో కూచుని ఫోను చూసుకుంటోంది, తల ఎత్తలేదు. మామూలుగా అయితే ఈపాటికి కొత్తగా కొన్న మడత ఫోను గురించో, ఇల్లు ఊడ్చే మిషను గురించో చెబుతుండేది. గొట్టం నోట్లో బ్రష్షు తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పని ఎక్కడా తప్పలేదు. చివరికి నీళ్ల గ్లాసు రెండు చేతులతో అందించింది.

"అక్కడ పెట్టండి," అంది దాయిన్.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, దాని కింద పడ్డ చుక్కని గుడ్డతో తుడిచి వచ్చేసింది. గుమ్మందాకా ఎవరూ రాలేదు.

మర్నాడు బాంగ్ మేనేజరు పిలిచాడు. రెండిళ్లనుంచీ ఫిర్యాదు, ఒకే మాట: మర్యాద లేదు, వేరే మనిషిని పంపండి.

"ఏమన్నారండీ మీరు?" అని అడిగాడు. మిరాన్ అన్నదంతా పొల్లుపోకుండా చెప్పింది. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "ఇందులో తప్పేమీ లేదే," అన్నాడు. తరవాత ఎవరైనా విన్నారేమో అని తలుపు వైపు చూశాడు. నూట ఏడో బ్లాకు యోంగేకి రాశాడు.

సోమవారం ఇద్దరూ ఆ బ్లాకు లిఫ్టులో ఎక్కారు. మిరాన్ పని అప్పగిస్తోంది. ఏ ఇంట్లో కుళాయి ఎటు తిరుగుతుందో, ఏ మిషను తలుపు బిర్రుగా ఉంటుందో, ఎవరింట్లో పాప ఏ వేళ పడుకుంటుందో చెప్పుకుంటూ వచ్చింది. యోంగే బుర్ర ఊపుతోంది. ఆమె మొహంలో సంతోషం ఉంది, దాన్ని దాచాలని అవస్థ ఉంది.

"నాకు బాధగా ఉందక్కా. నీ అన్నం లాక్కున్నట్టుంది."

"ఎవరో ఒకరు తినాలిగా. నువ్వే తిను."

పన్నెండో అంతస్తు దాటింది. మోకాలు సలుపుతోంది. వచ్చే నెల ఏం తీసి ఏం కట్టాలో మిరాన్‌కి తెలియడం లేదు. అది తలుచుకుంటే భయం వేస్తూనే ఉంది. అయినా దవడలు మాత్రం నొప్పిగా లేవు. ఇన్నేళ్లూ అవి నొప్పిగా ఉండేవని ఇప్పుడే తెలిసింది.

"మరి, వాళ్లు ఏదన్నా మాట్లాడితే నేనేమనాలక్కా?" అని అడిగింది యోంగే. "మాట్లాడకపోతే ఏమవుతుందో చూశాను."

మిరాన్ ఆమె వైపు చూసింది. ఎప్పుడు నిట్టూర్చాలో, ఎప్పుడు నాలుక చప్పరించాలో చెప్పడానికి ఈ మూడంతస్తులు చాలు.

"నువ్వేమనుకుంటున్నావో అది చెప్పు," అంది.

"చెబితే?"

"ఇంకో బ్లాకు ఇస్తారు. లిఫ్టు లేనిది."

యోంగే పకపకా నవ్వి, మిరాన్ నవ్వడం లేదని చూసి ఆపేసింది. తలుపులు తెరుచుకున్నాయి. మిరాన్ సామాన్ల పెట్టె ఎత్తి యోంగే చేతికిచ్చింది.